అన్నీ బాగున్నాయన్న ఆడపడుచు

మనిషిని ఆనందంగా ఉంచడం ఎంత తేలికో చాలామందికి తెలియదు. ఆనందంగా ఉండక తప్పదని చెబితే చాలు, ఉంటాడు.

నమ్మకం కుదరకపోతే ఆ రిటైర్‌మెంట్ కాలనీకి వెళ్లి చూడండి. నాలుగు బ్లాకులు, ఆరేడు వందలమంది పెద్దవాళ్లు, ఒక్కరి మొహంలో కూడా విసుగు లేదు. కారిడార్లో ఎవరు ఎదురైనా "బాగున్నారా?" అంటారు. "చాలా బాగున్నాను" అనాలి. "ఏదో, ఇలా వెళ్లదీస్తున్నాను" అన్నారో, సాయంత్రానికల్లా వెల్‌నెస్ కౌన్సిలరు పూలగుత్తితో తలుపు తడుతుంది. ఆ పూలు వాడేదాకా మీరు నవ్వుతూనే ఉండాలి. ఎవరూ మూలన కూర్చుని మొహం మాడ్చుకోకుండా భోజనాల హాల్లో బల్లలన్నీ గుండ్రంగా చేయించారు. లిఫ్టులో అద్దం పెట్టి, దాని మీద "ఈ మొహానికి చిరునవ్వు ఒక్కటే తక్కువ" అని రాయించారు. మోకాళ్ల నొప్పులవాళ్లు దాన్ని చదువుకుంటూ మూడో అంతస్తుకి వెళతారు. ఇంతకన్నా స్వర్గం ఏముంటుంది? అక్కడ లిఫ్టు ఉందో లేదో ఎవరు చూసొచ్చారు?

ఇలాంటి చోటికి పాలకుండలో ఉప్పురాయి పడ్డట్టు ఒక వదినా ఆడపడుచూ వచ్చి పడ్డారు.

వదిన ముప్పై ఏళ్లు స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణం నడిపింది. ఆడపడుచు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైంది. ఏ దుకాణంలోనూ తప్పు దొరకని రోజున జీతం ఊరికే తీసుకున్నట్టు బాధపడిపోయేది. పెళ్లి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలన్నిటిలోనూ తూకం తక్కువే కనిపించిందట. ఇద్దరి మధ్యా ఉన్న మగమనిషి, అంటే ఒకరికి భర్త, ఒకరికి అన్న, బతికినంతకాలం ఇద్దరి మాటలకీ తలూపి, ఒకరోజు తలూపడం మానేశాడు. ఆయన పోయాక ఇద్దరూ కలిసి ఇల్లమ్మి, కలిసి ఒకే గది తీసుకుని, కలిసి పోట్లాడుకుంటూ కాలనీకి వచ్చారు.

పొద్దున్న ఫ్యానుతో మొదలయ్యేది.

"మూడు మీద పెట్టావేం వదినా, నన్ను ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటావా?"

"రెండు మీద పెడితే ఉక్కపోస్తోందని నిన్న నువ్వే అన్నావు."

"నిన్నటి ఉక్క వేరు, ఇవాళ్టి ఉక్క వేరు."

అక్కణ్ణించి కాఫీ మీదికి వెళ్లేది. ఇది కాఫీయా, కాఫీ గ్లాసు కడిగిన నీళ్లా? తర్వాత తలుపు గడియ, కిటికీ తెర, తడి తువ్వాలు. మధ్యాహ్నం భోజనమయ్యాక అసలు వ్యాజ్యం విచారణకి వచ్చేది: పోయినాయన బతికుండగా ఎవరి మాట ఎక్కువ విన్నాడు? నలభై ఏళ్లుగా నలుగుతున్న ఆ కేసులో ఇద్దరూ వాదులే. తీర్పు చెప్పగలిగిన ఒక్కమనిషీ పోయాడు.

పక్కగదులవాళ్లు చెవులు మూసుకుని ఉంటే గొడవే లేకపోయేది. వాళ్లు తలుపులు ఓరగా తీసి పెట్టుకుని, కుర్చీలు కాస్త ఇవతలికి జరుపుకుని వినడం మొదలుపెట్టారు. టీవీ రిమోట్లు దుమ్ము పట్టాయి. అది మేనేజరు దాకా వెళ్లింది. మేనేజరు పడుచువాడు. మెడలో టై, మొహంలో నవ్వు, రెండూ పొద్దున్నే కట్టుకుని సాయంత్రం విప్పేసేవాడు.

"అమ్మా, ఇక్కడ ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు" అన్నాడు వదినతో. "పడనివాళ్లు ఒకే గదిలో ఉండి కష్టపడటం ఎందుకు? ఆవిడకి తోటవైపు బ్లాకులో గది ఇస్తాం. మీకు మంచి స్నేహితురాలిని జతచేస్తాం. కొన్నాళ్లు మీరిద్దరూ కలవకుండా ఉంటే ఇద్దరికీ ప్రశాంతంగా ఉంటుంది."

"అంతకన్నానా బాబూ" అంది వదిన. కాపురానికి వచ్చిన రోజునుంచీ మొక్కుకున్న వరం అది.

"పీడ విరగడైంది" అంది ఆడపడుచు. పెట్టె తాళం సరిగా పడటంలేదని ఒక మాట, తోటవైపు దోమలుంటాయని ఒక మాట అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే వదిన గదిలోకి కొత్త స్నేహితురాలు దిగింది. రిటైరైన లైబ్రేరియను. ఉద్యోగమంతా "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద కూర్చుని చేసింది. కాలనీలో ఆవిణ్ణి అందరూ అవునమ్మ అంటారు. ఎందుకో వదినకి మొదటిరోజే తెలిసింది.

"ఫ్యాను మూడు మీద పెట్టనా?"

"అవునండీ, మూడే బాగుంటుంది."

"పోనీ రెండు?"

"అవునండీ, రెండైతే ఇంకా బాగుంటుంది."

ఒకరోజు వదిన ఉండబట్టలేక ఫ్యాను పూర్తిగా ఆపేసింది. అవునమ్మ మెడ మీద చెమట తుడుచుకుంటూ "హాయిగా ఉందండీ" అంది.

మొదటివారం వదినకి ప్రాణం లేచొచ్చింది. రెండోవారం గోడతో కాపురం చేస్తున్నట్టుంది. గోడే నయం, తల బాదుకుంటే చప్పుడైనా చేస్తుంది. కాఫీ నోటికి చేదుగా లేదు, తియ్యగా లేదు. బాగాలేదని ఎవరైనా అంటేగా, బాగుందని తను వాదించడానికి!

ఆడపడుచుని చూసి రావాలని ఉంది. కానీ ముందు తనెందుకు వెళ్లాలి? అందుకని తోటవైపు బ్లాకులో గదులు ఊడ్చే అమ్మాయిని దారిలో ఆపి, "ఆ మహాతల్లి అక్కడ ఎంతమందిని ఏడిపిస్తోందే?" అని అడిగేది.

"ఇవాళ బకెట్టు చిన్నదని అరిచారమ్మా."

"అరిచిందా? సరే, వెళ్లు." ఆ పూట వదినకి నాలుగు ముద్దలు ఎక్కువ దిగేవి.

తర్వాత ఆ అమ్మాయి సెలవు మీద వెళ్లింది. కబురు ఆగిపోయింది. చివరికి ఒకరోజు మేనేజరే భోజనాల హాల్లో వదిన బల్ల దగ్గరికి వచ్చి శుభవార్త చెప్పాడు.

"మీ ఆడపడుచుగారు పూర్తిగా మారిపోయారమ్మా. ఈ నెల ఆనందమూర్తి బహుమతి ఆవిడకే ఇచ్చాం. ఏమడిగినా అన్నీ బాగున్నాయంటున్నారు. నిన్న వంటవాళ్లు సూపులో ఉప్పు వెయ్యడం మరిచిపోతే, అదీ బాగుందన్నారు."

వదిన చెంచా కింద పెట్టేసింది. "ఏమంది?"

"బాగుందన్నారు."

"ఉప్పు లేని సూపుని?"

"అవునమ్మా. గిన్నె కూడా పక్కకి తొయ్యలేదు."

ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి దేన్నీ బాగుందనలేదు. తను కోడలిగా ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఎగాదిగా చూసి "ముక్కు ఫర్వాలేదు" అంది. ఆవిడ నోటివెంట వచ్చిన మెప్పులన్నిటిలోకీ అదే పెద్దది. సొంత అన్న పోయిన రోజున వెక్కివెక్కి ఏడుస్తూనే, వచ్చినవాళ్లకి కుర్చీలు వంకరగా వేశారని లేచి సరిచేయించింది.

"డాక్టరుకి చూపించారా?" అంది వదిన.

"ఎందుకమ్మా? ఆనందంగా ఉన్నారు కదా."

వదిన భోజనం ముందు నుంచి లేచింది. చలిగా ఉందని చేతికందిన స్వెట్టరు తగిలించుకుని తోటలోకి నడిచింది. దారిపొడుగునా "బాగున్నారా, బాగున్నారా" అన్నవాళ్లకి జవాబు చెప్పలేదు. కాలనీ చరిత్రలో అంత అమర్యాద ఎవరూ చూడలేదు.

ఆడపడుచు కిటికీ పక్కన కుర్చీలో ఉంది. ఒళ్లో బహుమతి పూలగుత్తి. స్నేహ కమిటీ సభ్యురాళ్లు ఇద్దరు చెరోవైపు నిలబడి ఫొటో దిగుతున్నారు.

"ఎంత ప్రశాంతంగా ఉన్నారో చూడండి" అంది ఒకావిడ.

"ధ్యానంలో ఉన్నట్టు లేదూ?" అంది రెండో ఆవిడ.

వదిన వంగి, ఆడపడుచు గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "ఏమే, నేనొచ్చాను."

కళ్లు ఎక్కడో తిరిగితిరిగి వచ్చి ఆగాయి. "వచ్చావా వదినా. మంచిది."

"నీ గది ఎలుకబోనులా ఉంది."

"బాగానే ఉంది."

ఇక లాభం లేదని వదిన దాచుకున్న పెద్ద అస్త్రమే తీసింది. "విను. మీ అన్నయ్య బతికినన్నాళ్లూ నీ మాట కన్నా నా మాటే ఎక్కువ విన్నాడు."

ఆడపడుచు "అవును" అంది.

నలభై ఏళ్ల వ్యాజ్యం గెలిచిన వదిన అక్కడే నేలమీద కూలబడి భోరుమంది. కమిటీ సభ్యురాళ్లు అవి ఆనందబాష్పాలనుకుని చప్పట్లు కొట్టారు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. అంబులెన్సు పిలవమంటే నీళ్లు నమిలాడు. "సైరను మోగితే మిగతావాళ్లు కలవరపడతారమ్మా. రేపు ఎలాగూ డాక్టరుగారు వస్తారు, అప్పుడు చూపిద్దాం."

"నువ్వు సైరను పిలుస్తావా, నన్నే మోగమంటావా?" అంది వదిన, నాలుగు బ్లాకులకీ వినపడేలా. అంబులెన్సు వచ్చింది.

రక్తంలో ఉప్పు బాగా పడిపోయిందన్నారు ఆసుపత్రిలో. పైగా లోలోపల జ్వరం. సూపుకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పింది గాని వదిన నమ్మలేదు.

"ఇంకొక్క పూట ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది" అంది డాక్టరు. "పైకి లక్షణాలేవీ పెద్దగా లేవు. మీరెలా గుర్తుపట్టారు?"

"అన్నీ బాగున్నాయని అందండీ."

"అంటే?"

"అంటే ఏముంది, వెంటనే తీసుకొచ్చాను."

వదిన మంచం పక్కన స్టూలు మీదే ఉండిపోయింది. నర్సులు ఇంటికి వెళ్లమంటే వెళ్లలేదు. సెలైను బొట్లుబొట్లుగా దిగుతుంటే చూస్తూ, ఎన్నడూ అనని మాటలు లోపల అనుకుంది. ఇది లేచి కూర్చుంటే చాలు, ఫ్యాను ఎంత మీద కావాలంటే అంత మీదే పెడతాను. ఆ కేసు కూడా ఓడిపోతాను.

ఒక ఉదయం ఆడపడుచు కళ్లు తెరిచింది. సెలైను సీసాని చూసింది, కిటికీ తెరని చూసింది, చివరికి వదినని పైనుంచి కిందిదాకా చూసింది.

"స్వెట్టరు తిరగేసి వేసుకున్నావేం వదినా? ముప్పై ఏళ్లు బట్టలు కుట్టినదానివి, ఏది లోపలో ఏది పైనో తెలియదా?"

వదిన స్వెట్టరు విప్పకుండానే స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"పేషెంటు చికాకు పడుతున్నారు. నిద్రకి ఏమైనా ఇమ్మంటారా?" అని నర్సు డాక్టరుని అడిగింది.

"దాని జోలికి రాకండమ్మా" అంది వదిన కళ్లు తుడుచుకుంటూ. "ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది."

తిరిగి వచ్చాక ఇద్దరికీ మళ్లీ ఒకే గది. మేనేజరు నవ్వుతూనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే కాలనీ చూడటానికి వచ్చే కొత్తవాళ్లకి గేటు దగ్గర నిలబడి ఈ కథంతా చెబుతానని వదిన కూడా నవ్వుతూనే చెప్పింది మరి. అతన్ని మాత్రం తప్పు పట్టకండి. పాపం, అతను ఎవరినీ ఏమీ చెయ్యలేదు. అందరినీ సంతోషంగా ఉంచాడు, అంతే.

వాళ్లొచ్చిన సందర్భంగా పెద్ద హాల్లో మీటింగు పెట్టారు. మేనేజరు మైకు పట్టుకుని, "అందరూ ఎలా ఉన్నారు?" అని అడిగాడు.

"చాలా బాగున్నాం" అన్నాయి ఆరేడు వందల గొంతులు, ఒక్కసారిగా.

వదిన ఒక్కొక్క మొహాన్నే చూస్తూ వెళ్లింది. ఎవరికి జ్వరం, ఎవరికి నిద్ర లేదు, ఎవరు పోయినవాళ్లని తలుచుకుని దిండు తడుపుతున్నారు? ఒక్కటీ తెలియలేదు. అందరూ నవ్వుతున్నారు. పక్కన ఆడపడుచు ఒక్కతే, కుర్చీ కాలు ఊగుతోందని సణుగుతోంది.

అప్పుడు వెనకనుంచి ఎవరో భుజం తాకారు. అవునమ్మ. మొహంలో నవ్వు అలాగే ఉంది, గొంతు మాత్రం లైబ్రరీలోలా తగ్గించింది.

"వదినగారూ, నాకు ఫ్యాను లేకపోతే పడదండీ. మీరు ఆపేసిన దగ్గర్నుంచీ చెబుదామనుకుంటున్నాను." చుట్టూ ఎవరైనా విన్నారేమోనని చూసుకుంది. "రేపటినుంచి రోజూ కాసేపు వస్తాను. నాతో కూడా పోట్లాడతారా?"

వదిన నోరు తెరిచేలోపే ఆడపడుచు వెనక్కి తిరిగింది.

"మా వదిన నాకే చాలదు" అంది. "మీరు వేరే ఎవరినైనా చూసుకోండి."