టీ తాగేంతసేపు పదవి

దిగిపోయే ప్రభుత్వానికి ఉన్నంత జాలిగుండె లోకంలో మరెవరికీ ఉండదని నేను ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. ఐదేళ్ళూ కంటికి ఆనని మనుషులు, మూటాముల్లె సర్దుకునే వారంలో ఒక్కసారిగా గుర్తుకొస్తారు. ఫలానా ఆయనకు కుర్చీ లేదే, ఫలానా ఆవిడ కారుకు బోర్డు లేదే అని మంత్రులు అన్నం మానేస్తారు. ఎన్నికల కోడ్ వచ్చేలోగా ఆ లోట్లన్నీ తీర్చి, బరువు దించుకుని వెళ్ళిపోతారు.

మా రాష్ట్రంలో కిందటి ప్రభుత్వమూ అంతే. మొదట ఉన్న కార్పొరేషన్లకు చైర్మన్లను వేశారు. తర్వాత లేని కార్పొరేషన్లను పుట్టించి వాటికీ వేశారు. వైస్ చైర్మన్లు, డైరెక్టర్లు, ఇంకా చోటు చాలకపోతే ప్రత్యేక ఆహ్వానితులు. (చెరువు గట్ల సుందరీకరణ మండలికి గది నిండా డైరెక్టర్లు వచ్చారట. చెరువుకు స్థలం ఇంకా చూస్తున్నారు.) జిల్లాలు అయిపోయాయి, కులాలు అయిపోయాయి, అలిగినవాళ్ళూ అయిపోయారు. అయినా కొన్ని పదవులు మిగిలిపోయాయి. వండింది పారేయడానికి ఎవరికి మాత్రం చేతులొస్తాయి? వాటిని సముద్రం దాటించి ఒమన్‌కు పంపారు.

ఆ మధ్యాహ్నం మస్కట్ శివార్లలో, అల్ హైల్‌లో మా ఫ్లాట్‌లో కాకరకాయలు గీకుతున్నాను. పక్క ఫ్లాట్ చంద్రిక ఫోన్ పట్టుకుని గబగబా వచ్చింది.

"మంగళక్కా, స్వీట్లేవి? మీ కౌండిన్య గవర్నమెంటులోకి వెళ్ళాడటగా."

ఎవరైనా ఫోన్ పట్టుకుని గబగబా వస్తే నాకు ముందు యాక్సిడెంటే గుర్తుకొస్తుంది. మా అబ్బాయి గవర్నమెంటులో ఉంటే ఉన్నాడు, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదా అనుకుని కూర్చున్నాను. తర్వాత ఫోన్‌లో ఉన్న ఉత్తర్వు చదివాను. కాళ్ళూ చేతులూ పోయినా ఇంత భయం వేసేది కాదు.

'ప్రవాస సంక్షేమ సలహా మండలి, ఒమన్ విభాగం. సభ్యుడు (ఖర్జూరం, చేపలు): చి. కౌండిన్య, బి.టెక్., ఐదడుగుల తొమ్మిదంగుళాలు, చామనఛాయ, రోహిణి రెండో పాదం, దురలవాట్లు లేవు.'

ప్రభుత్వ ఉత్తర్వులో 'దురలవాట్లు లేవు' అని రాయడం అదే మొదటిసారి అయి ఉండాలి. ఆ మాట నాది. మస్కట్‌లో మన పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపులో మావాడి బయోడేటాలో నేనే పెట్టాను.

సంగతేమిటంటే, ఆ పార్టీకి ఇక్కడ విశ్వతేజ అని ఒక కన్వీనర్ ఉన్నాడు. (మిగతా వేళల్లో ఇన్సూరెన్సులు చేయిస్తాడు.) పేర్లు సాయంత్రానికల్లా పంపమని రాజధాని నుంచి కబురొచ్చింది. జిల్లా, కులం, చదువు, కోటు వేసుకున్న ఫోటో, నలుగురిలో మంచిపేరు, అన్నీ కావాలన్నారు. కన్నతల్లులు సరిచూసిన వివరాలు పెళ్ళిళ్ళ గ్రూపులో కాక ఇంకెక్కడ దొరుకుతాయి? పెళ్ళికాని కుర్రాళ్ళందరినీ అతను పైకి పంపేశాడు. పెళ్ళి కుదిరిన ఒక్క కుర్రాడు మాత్రం పదవి తప్పించుకున్నాడు.

వీసా మాట చెప్పాలి. కౌండిన్య ఇక్కడొక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ప్లానింగ్ ఇంజనీరు. వాడి వీసా ఎండాకాలం చివరికి అయిపోతుంది. పొడిగించాల్సింది కంపెనీ. ఆ కంపెనీ ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే కాగితం మీద సంతకం పెట్టించుకుంది: అనుమతి లేకుండా ఇక్కడగానీ స్వదేశంలోగానీ మరే పదవీ చేపట్టరాదు, చేపడితే వీసా పొడిగించబడదు.

మావారు వెంకటరామయ్యగారు ఉత్తర్వును రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "ఇన్నేళ్ళున్నాను, బిల్డింగ్ లిఫ్ట్ కమిటీలో కూడా నా పేరు వేయలేదు. వీడికి చేపలిచ్చారు" అన్నారు.

"అమ్మా, ఇలాంటివి ఎవరూ చదవరు. చదివినా గుర్తుపెట్టుకోరు. వదిలెయ్" అన్నాడు కౌండిన్య.

"వదిలేస్తే పోవడానికి జలుబట్రా? గవర్నమెంటు" అన్నాను.

విశ్వతేజకు ఫోన్ చేశాను.

"బాబూ, మావాడి పేరు తీసేయించు."

"ఉత్తర్వు వచ్చాక తీసేయడం ఉండదు పిన్నిగారూ. రాజీనామా ఒక్కటే."

"సరే, చేసేస్తాడు."

"చార్జ్ తీసుకోకుండా రాజీనామా ఎలా చేస్తాడండీ? ముందు చేరాలి, ఆ తర్వాత మానాలి. బడిలో చేరని పిల్లాడికి టీసీ ఇవ్వరు కదా."

ఎంత సవ్యంగా ఉందో చూడండి. పదవి వద్దంటే ముందు పదవి తీసుకోవాలి. చార్జ్ ఇచ్చే అధికారం చైర్మన్‌గారిది. ఆయన మస్కట్‌కు మూడు గంటల దూరంలో ఇబ్రి అనే ఊళ్ళో ఉంటారు, శుక్రవారం డ్యూటీ ఉండదు.

శుక్రవారం ముగ్గురం ఇబ్రి వెళ్ళాం. కౌండిన్య కారు నడిపాడు. మావారు స్పీడు కెమెరాలు వచ్చినప్పుడల్లా చెబుతూ కూర్చున్నారు. నేను ఒంటెలు అడ్డం రాకుండా చూసుకున్నాను.

చైర్మన్ నర్సింగ్ ఒక బిల్డింగ్ కంపెనీలో ఫోర్‌మన్. పార్టీ మీటింగులకు బస్సు నిండా మనుషుల్ని తెచ్చేవాడట, అందుకని చైర్మన్ చేశారు. రూమ్‌లో రెండంతస్తుల మంచాలు. కింది మంచానికి 'గౌరవ చైర్మన్' అని బోర్డు కట్టి ఉంది. పై మంచం మీద ఎవరో ముసుగుతన్ని పడుకుని ఉన్నారు. (కార్యదర్శి అని తర్వాత తెలిసింది.)

"రాండ్రి అక్కా, కూసోండ్రి. తమ్మికి దండ తెప్పిచ్చిన" అన్నాడు నర్సింగ్.

"దండ వద్దు నాయనా. సంతకం పెట్టించుకో, చాలు."

"సంతకమా? ఇప్పటిదాంక ఎవ్వలు అడగలే అక్కా. అందరొచ్చిన్రు, దండేస్కున్నరు, ఫోటో దిగిన్రు, బిర్యానీ తిని పోయిన్రు. పోయే సర్కారుకు సంతకమెందుకు?"

"సంతకం లేకపోతే రేపు రాజీనామా చెల్లదంటారు."

నర్సింగ్ నా వైపు గౌరవంగా చూశాడు. "గిట్ల ఆలోచన చేసేటోళ్ళు మా మండలిల ఒక్కలు లేకపాయె" అన్నాడు. పెట్టెలోంచి ముద్ర తీశాడు. అది రాజధాని నుంచి ఇంకు లేకుండా వచ్చింది. సైట్‌లో కూలీల వేలిముద్రలు తీసుకునే ఇంకు తెచ్చి దాన్ని తడిపాడు. కౌండిన్య చార్జ్ కాగితం మీద సంతకం పెట్టాడు, ముద్ర పడింది. ఇంతలో టీ వచ్చింది. టీ అయిపోయాక రాజీనామా మీద సంతకం పెట్టాడు, ముద్ర పడింది. ఆ రాజీనామా విశ్వతేజ పంపిన నమూనా. 'ఇంతకాలం ప్రవాసులకు సేవ చేసే భాగ్యం కలిగించినందుకు ధన్యవాదాలు' అని ఉంది.

నా కొడుకు పదవీకాలం ఒక్క టీ. ఆ కాసేపూ ఒమన్‌లో మనవాళ్ళ ఖర్జూరం, చేపలు వాడి చేతుల్లో ఉన్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఏ మంత్రి గురించైనా ఇంత మాట అనగలరా?

రాజీనామాను ప్రభుత్వం ఆ సాయంత్రమే ఆమోదించింది. ఖాళీ అయిన స్థానంలో ఆ సాయంత్రమే ఇంకొకర్ని వేసింది. (ఆయన ఒమన్ వదిలి ఎప్పుడో ఊరెళ్ళిపోయాడు. అలాగైతే స్వార్థం ఉండదన్నారు.) మర్నాడు కోడ్ వచ్చింది. నేను దేవుడి దగ్గర దీపం పెట్టుకున్నాను. చూశావా, నీ మాట విని కూర్చుంటే ఏమయ్యేది అని కౌండిన్యను నాలుగు రోజులు పొడిచాను.

ఎన్నికలయ్యాయి, కొత్త ప్రభుత్వం వచ్చింది. మొదటి సంతకంతో ఆ చివరి వారపు నియామకాలన్నీ రద్దు చేసింది. రెండో సంతకంతో 'చివరివార నియామకాల విచారణ సంఘం' వేసి, దానికి చైర్మన్‌ను, వైస్ చైర్మన్లను, సభ్యులను నియమించింది. ఒమన్ నుంచి సభ్యుడిగా, ఈ విషయంలో అనుభవం ఉన్నవాడని, నర్సింగ్‌ను తీసుకున్నారు. ఆ మధ్యలో అతను పార్టీ మారాడు.

సంఘం అందరినీ అడిగింది, పదవి తీసుకున్నారా అని. ఎవరూ తీసుకోలేదు. మరి దండతో ఫోటో ఏమిటంటే ఒకరు పుట్టినరోజు అన్నారు. ఒకరు, ఫోటోలో ఉన్నది తాను కాదు, తమ్ముడన్నారు. విశ్వతేజ తాను పంపింది పెళ్ళి సంబంధాల జాబితా అనీ, ప్రభుత్వం పొరబడిందనీ చెప్పాడు. మండలి మొత్తంలో పదవి చేపట్టినట్టు సంతకం, ముద్ర ఉన్నది ఒక్క కౌండిన్యకే. దాని వెనకాలే సేవాభాగ్యానికి ధన్యవాదాలు. సంఘం వివరణ కోరుతూ కంపెనీకి నోటీసు పంపింది.

నర్సింగ్‌కు ఫోన్ చేశాను. "నాయనా, ఆ ముద్ర వేసింది నువ్వే కదా."

"ఏసిన అక్కా. గందుకే నిజమేనని రాసిచ్చిన. తమ్మి సంతకం కండ్లార చూసినోణ్ణి, అబద్ధమెట్ల చెప్త?"

"నువ్వు చైర్మన్‌వి కదా, మరి నీ మాటేమిటి?"

"నాది ఎవ్వలు అడగలే. నేనేడ సంతకం పెట్టిన?"

కంపెనీ హెచ్‌ఆర్‌లో రషీద్ అని హైదరాబాదు అబ్బాయి ఉన్నాడు, మంచివాడు. అతను మా ఇంటికే వచ్చాడు.

"ఆంటీ, పోస్టే లేకుండె అని నేను రాసేద్దామనుకున్నా. కానీ ఇస్తీఫా ఉంది కదా, అదే రాజీనామా. లేని పోస్టుకి ఇస్తీఫా ఎవరిస్తారని మేనేజర్ సాబ్ అడుగుతుండు."

"టీ తాగేంతసేపేగా బాబూ."

"రూల్‌లో టైమ్ రాయలేదు ఆంటీ."

మావాడి తప్పేమీ లేదని రాసివ్వమని విచారణ సంఘాన్ని బతిమాలుకున్నాం. వాళ్ళు మర్యాదస్తులు, వెంటనే ఇచ్చారు. 'నిబంధనల ప్రకారం పదవి చేపట్టి, నిబంధనల ప్రకారం తప్పుకున్న ఏకైక సభ్యుడు' అని మెచ్చుకుంటూ రాశారు. రషీద్ అది చదివి 'పదవి చేపట్టి' అన్న మాట కింద గీత గీశాడు.

కంపెనీ కూడా అన్యాయం చేయలేదు. విచారణ పూర్తయి, తప్పు లేదని తేలిన రోజున వీసా పొడిగిస్తామని రాతపూర్వకంగా ఇచ్చింది. కౌండిన్య ఆ కాగితం చదివి మడతపెట్టి నాకిచ్చాడు. 'వదిలెయ్ అన్నానా' అని పొడిచినా బాగుండేది.

ఎండాకాలమంతా ఎదురుచూశాం. వాడి వీసా అయిపోయిన రోజునే ప్రభుత్వం ఆ విచారణ సంఘం గడువును మరో ఏడాది పొడిగించింది.