బుల్లెట్ నోరు మూసిన ఉదయం

బల్కార్ సింగ్ ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. పాలు పోయడానికి బయల్దేరేలోగా బుల్లెట్‌కి ఉన్న, టపాసుల్లా పేలే పటాకా గొట్టం విప్పేసి, అటక మీద గోనెపట్టాలో చుట్టి దాచిన పాత సైలెన్సర్ బిగించాలి. కార్బురేటర్ సర్దాలి. ఏడింటికల్లా కాలువ దాటి నాభా పట్టణంలో ధోబీల వీధి మొదట్లో ఉండాలి.

ఇరవై రెండేళ్లుగా ఆ వీధికి ఆయన కంటే ముందు ఆయన చప్పుడు వచ్చేది. వంతెన మీద బండి దడదడలాడగానే గడపకొక గిన్నె బయటికొచ్చేది. "పాలు" అని ఆయన ఒక్కనాడూ కేకెయ్యలేదు. ఆ మాట బండే అనేది.

చిక్కల్లా చెవులతో వచ్చింది. పోయిన వారం చెవుల డాక్టరమ్మ పరీక్ష చేసి, గీతల కాగితం ఒకటి చూపించింది. "బాబాజీ, పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నదాన్నైనా కాపాడుకోండి. ఆ గొట్టం తీసేయండి. ఇంజన్ దగ్గరున్నంతసేపూ ఇవి పెట్టుకోండి" అని చిటికెన వేలి కొసంత స్పాంజి బిరడాలు రెండు చేతిలో పెట్టింది.

ఆయన భయం కాగితం గురించి కాదు. భార్య సుర్జీత్ గొంతు మొదట్నుంచీ మెత్తన. ఒకప్పుడు ఆయన పాలు పితుకుతుంటే పక్కన పీట వేసుకుని కబుర్లు చెప్పేది. ఆయన ప్రతి మాటకీ "ఆఁ? ఏంటీ?" అనడం మొదలెట్టాక మెల్లగా మానేసింది. ఇప్పుడా కబుర్లన్నీ గేదె భూరీకి చెబుతోంది. దూరం నుంచి ఆమె పెదవులు కదలడం చూసి, గేదెను చూసి కుళ్లుకునే మగవాడు జిల్లా మొత్తంలో తనొక్కడే అయివుంటాడని ఆయన అనుమానం.

సైలెన్సర్ సులువుగానే ఎక్కింది. మెకానిక్ ప్రీతం ముందురోజే పాఠం చెప్పాడు. "చాచా, గొట్టం మారితే బండి తిండీ మారుతుంది. పెట్రోలు వదిలే జెట్ చిన్నది వెయ్యి. తర్వాత గాలి స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ చెవితో విను. ఎక్కడ హాయిగా ఊపిరి తీస్తే అక్కడ వదిలెయ్."

విషయం తెలిసినవాళ్ల మాట జవదాటడం బల్కార్ సింగ్‌కి అలవాటు లేదు. డాక్టరమ్మ చెప్పినట్టు బిరడాలు చెవుల్లో కుక్కుకుని, ప్రీతం చెప్పినట్టు బండి పక్కన గొంతుక్కూర్చుని, శ్రద్ధగా విన్నాడు. ఏమీ వినబడలేదు. పాపం, దానికి పెట్రోలు చాలడం లేదనుకుని, గాలి తగ్గేలా స్క్రూ బిగించాడు. అయినా వినబడలేదు. ఇంకాస్త బిగించాడు.

ధోబీల వీధి మొదట్లో బండి ఆపి, ఇంజన్ నడుస్తుండగానే దిగి నిలబడ్డాడు. ఒక్క గిన్నె రాలేదు. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుగుప్పున లేస్తోంది గాని ఆయన చూపు గడపల మీద ఉంది. ఇక తప్పక, జీవితంలో మొదటిసారి కేకేశాడు. చెవులు మూసుకున్నవాడికి తన గొంతెంతో తెలియదు. ఆయన మర్యాదగా పిలిచాననుకున్నాడు. ఎవరి ప్రాణమో పోతోందనుకుంది వీధి.

మొదట తొంగిచూసింది వీధంతా బీజీ అని పిలిచే డెబ్బై ఎనిమిదేళ్ల ధన్న కౌర్. పొగ కనబడింది. పొగలో అరుస్తున్న తలపాగా కనబడింది.

"ఒరేయ్, బల్కార్ తగలబడిపోతున్నాడర్రా! నీళ్లు తెండి!"

క్షణంలో ఇంటికొక బకెట్ బయటికొచ్చింది. ఇవాళ ఇంతింత గిన్నెలు తెచ్చారేమిటా అని బల్కార్ సింగ్ పొంగిపోయి, పాల క్యాన్ల మూతలు రెండూ తీశాడు.

మొదటి బకెట్ తలపాగా మీద పడింది. రెండోది ఇంజన్ మీద. మిగతావి సరాసరి క్యాన్లలో. చుక్క నీళ్లు కలపనని గురుద్వారాలో ఒట్టు పెట్టుకున్న మనిషి, పట్టపగలు, వీధంతా చూస్తుండగా నీళ్ల పాల మధ్య నిలబడ్డాడు.

బండి ఆగిపోయింది. వీధి చివరనున్న తన కొట్లోంచి పరుగెత్తుకొచ్చిన ప్రీతం ఆయన చెవుల్లోంచి బిరడాలు లాగాడు. "చాచా! చెవులు మూసుకుని కార్బురేటర్ సర్దావా?"

"డాక్టరమ్మ పెట్టుకోమంది."

"నేను వినమన్నాగా?"

"విన్నాన్రా. అదేమీ చెప్పలేదు."

"బండెక్కేటప్పుడు నువ్వు పెట్టుకో. సర్దడానికి నా చెవులు లేవూ?"

ఈలోగా కబురు కాలువ దాటింది. దాటేటప్పుడు బండికి పొగ వచ్చిందన్నదే. అవతలి ఒడ్డు చేరేసరికి బల్కార్ కాలిపోయాడయింది. సుర్జీత్ ఒక కాలికే చెప్పుతో, చేతులకు తడి పిండితో వచ్చింది. గడ్డంలోంచి నీళ్లు కారుతున్న భర్తను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసింది. ఎప్పటి మెత్తని గొంతుతోనే ఏదో అంది.

రోజూ ఈ వేళకి గొట్టం మోతకి ఆయన చెవుల్లో ఈల మోగుతుండేది. ఇవాళ అది లేదు. ఇంజనూ ఆగిపోయి ఉంది. మాట వినబడింది.

"టీ ఇంకా పెట్టలేదు సర్దార్‌జీ."

"ఎందుకనీ?"

"వంతెన మీద తిరిగొచ్చే నీ బండి వినబడితేగా పెట్టడానికి."

బల్కార్ సింగ్ తడిసిన గడ్డం తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లూ అది విని పెట్టేదానివా?"

"మరి? నువ్వొచ్చేసరికి వేడిగా ఎలా ఉండేదనుకున్నావు?"

ఆయన ఏమీ అనుకోలేదు. టీ అంటేనే వేడిగా ఉండేదనుకున్నాడు. తలొంచుకుని క్యాన్లకు మూతలు పెట్టబోయాడు.

"ఎక్కడికవి?" అంది బీజీ.

"పారబోస్తాను బీజీ. నీళ్లు కలిశాయి."

"కలిపింది మేం. తాగేదీ మేమే. ముందు నా గిన్నెలో పొయ్యి."

గడపగడపకీ గిన్నె వచ్చింది.

మర్నాడు సుర్జీత్ భూరీ మెడగంట విప్పి బండి హ్యాండిల్‌కి తనే కట్టింది. ప్రీతం చెవులతో సర్దిన బండి పిల్లిలా కదిలింది. గంట విని వీధి గిన్నెలతో వచ్చింది. బిరడాలు దారిలో చెవుల్లో ఉన్నాయి, గడప దగ్గర జేబులో ఉన్నాయి. తిరుగు దారిలో వంతెన మీద గంట మోగగానే ఇంట్లో టీ మరిగింది. సాయంత్రం సుర్జీత్ గోడవారనున్న పీట తెచ్చి ఆయన పక్కన వేసుకుంది. చెప్పాల్సినవి చాలా పేరుకుపోయాయి గనక, ఎప్పటివో వరదల దగ్గర మొదలుపెట్టింది.

గంట పోయినందుకో, కబుర్లు పోయినందుకో, భూరీ ఆ పూట లీటరు తక్కువ ఇచ్చింది.