ముసలోళ్ల మేడ, మోకాలెత్తు మెట్లు

ఒక పెద్ద అడవిలో ముసలి జంతువులకు కూడా ఓ నీడ ఉండాలని సభవారికి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. మహారాజు సింహంగారి పుట్టినరోజు దగ్గరపడింది మరి!

కొత్తది కట్టాలంటే ఒళ్లు వంచాలి. అందుకని ఎప్పుడో ఏ రాజో కట్టి వదిలేసిన వేట మేడను బాగుచేయించారు. అద్దె నామమాత్రం, నెలకో దోసెడు ఇప్పపూలు.

ఈ కబురు విని అందరికంటే ఎక్కువ సంబరపడింది ఎలుగుబంటి నాంచారమ్మ. పాపం, ఆవిడ గుహ కప్పు పగిలిపోయింది. కిందటి వానాకాలమంతా తడిసి, దగ్గి దగ్గి సగమైపోయింది. ఇంకో వానాకాలం అక్కడే ఉంటే తను మిగలదని ఆవిడకి తెలుసు.

"మీలాంటివాళ్ల కోసమేగా పెద్దమ్మా ఇదంతా!" అన్నాడు కమిటీ అధ్యక్షుడు నక్క చలమయ్య. "పైనున్న మా ఆఫీసుకొచ్చి తాళంచెవి తీసుకోండి. పౌర్ణమిలోగా రాకపోతే మాత్రం గది వేరేవాళ్లకి వెళ్లిపోతుంది."

మెట్లు చూస్తే ఒక్కొక్కటీ మోకాలెత్తు. నాంచారమ్మ "అమ్మా, అయ్యా" అనుకుంటూ నాలుగెక్కింది. ఐదోదాని దగ్గర మోకాలు పట్టేసి కూలబడింది.

"ఒరే చలమయ్యా, ఆ తాళంచెవి కిందికి విసిరెయ్యరా నాయనా!"

"రూలు ఒప్పుకోదు పెద్దమ్మా."

"పోనీ ఆ ఆఫీసేదో కిందే పెట్టుకోవచ్చుగా?"

ఈ మాటకి కట్టడాల నిపుణురాలు నెమలి చిత్రాంగి పైనుంచి కయ్యిమంది. "పూర్వం దర్బారు పైనే ఉండేది, ఆఫీసూ పైనే ఉండాలి! ఈ మెట్లలో ఒక్క రాయి కదిపినా చరిత్ర ఏమైపోవాలి?"

ఆవిడగారు ఆ మెట్లు ఏనాడూ తొక్కలేదు లెండి. ఎగిరి కిటికీలో వాలుతుంది.

అసలు ఆ తాళంచెవి రూలు పెట్టిందే చలమయ్య. పౌర్ణమి దాటింది. ఒక్క ముసలి ప్రాణీ పైకి రాలేదు. గదులన్నీ మిగిలిపోయాయి. చలమయ్య మేనల్లుళ్లు మీసాలకి బూడిద రాసుకుని, కుంటుకుంటూ వచ్చి తలా ఒక గదిలో దిగిపోయారు.

పుట్టినరోజు నాడు రిబ్బను కత్తిరించడానికి మహారాజు వచ్చారు. రిబ్బను కూడా పైనే కట్టారు. ఆయనకే మొరపెట్టుకుందామని నాంచారమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది.

మహారాజు ఠీవిగా నాలుగు మెట్లెక్కి ఐదోదాని దగ్గర ఆగిపోయారు. ఆయన మీసం వణికింది. సభంతా గబగబా చెట్లకేసి చూడసాగింది. రాజుగారికి వయసైపోయిందని కనిపెట్టి ఎవరు బతకగలరు?

నాంచారమ్మకి మాత్రం జాలేసింది. "నాకూ అక్కడే పట్టేసింది మహారాజా! మొహమాటపడకండి, కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. "ఎవర్రా ఈ మెట్లు ఇలా ఉంచింది?"

"చరిత్ర, మహాప్రభో!" అంది నెమలి.

"అయితే దాన్నొకసారి కిందికి రమ్మను!" అని గర్జించారు.

ఆ గర్జనకి పైనున్న మేనల్లుళ్లు కుంటడం మర్చిపోయి, బూడిద దులుపుకుంటూ మూడేసి మెట్లు దూకుతూ కిందికొచ్చి పడ్డారు.

"వీళ్లెవరు?"

"గ... గదుల్లో ఉంటున్న ముసలివాళ్లు మహారాజా," అని నసిగాడు చలమయ్య.

"భలే ఓపికున్న ముసలివాళ్లే! ఇక్కడ ఏటవాలు దారి వెయ్యాలి. రాళ్లు వీళ్లే మోస్తారు. మొదటి రాయి నువ్వెత్తు."

పూర్వం ఏనుగులెక్కడానికి ఇక్కడ ఏటవాలు దారే ఉండేదని నెమలికి అప్పటికప్పుడు గుర్తొచ్చింది. చలమయ్య నడుము వంగిపోయేసరికి దారి తయారైంది. తొలకరి పడిన రోజు నాంచారమ్మ పొడి గదిలో కాళ్లు బారజాపుకుని హాయిగా గురకపెట్టింది.

నీతి: ముసలమ్మ మోకాలు నొస్తే అది వయసు, మహారాజు మోకాలు నొస్తే అది ప్రజాసమస్య.