తప్పంతా ఆదివారం సీరియల్‌దే

బుద్ధి పెరగాలంటే బుద్ధిలేని సీరియల్ చూడాలి. ఈ మాట నేను సరదాకి అనడం లేదు. మల్లాపూర్‌లో రేకుల నుంచి ఫ్యాన్ రెక్కలు చేసే చిన్న ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా సూపర్‌వైజర్‌గా ఉన్నవాణ్ణి, నాచారంలో సొంత కేబుల్ కనెక్షన్ ఉన్నవాణ్ణి, పూర్తి బాధ్యతతో అంటున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చే ‘అందగత్తెల ఆపరేషన్’ మీరు చూస్తున్నారా? చూడకపోతే మీ బతుకు సగం వృథా! ఎక్కడో తీసి తెలుగులోకి డబ్బింగ్ చేసిన సీరియల్ అది. అందులో ముగ్గురు ఆడపిల్లలు. ఒకామె పొడుగు, ఒకామెకు ఉంగరాల జుట్టు, మూడో ఆమెకు నల్ల కళ్లద్దాలు. ఆ అద్దాలు ఆమె నిద్రలో కూడా తీయదు. ముగ్గురూ రహస్య పోలీసులట. రహస్యంగా తిరగాలి కాబట్టి ఎర్ర కారులో తిరుగుతారు.

మూడంతస్తుల మేడ మీద నుంచి దూకుతారు. కాళ్లకు జానెడు హీల్స్! దిగిన చోటే నిలబడి జుట్టు సర్దుకుంటారు. నేను మంచం దిగితేనే మోకాలు కలుక్కుమంటుంది. బాంబు పేలుతుంది, గోడలు కూలుతాయి, లిప్‌స్టిక్ మాత్రం చెక్కుచెదరదు. రౌడీలు కూడా ఎంత మర్యాదస్తులో! ఒకడు తన్నులు తిని పడ్డాకనే రెండోవాడు ముందుకొస్తాడు. ఇంత చక్కటి క్యూ మన ఉప్పల్ బస్ స్టాపులో మీరెప్పుడైనా చూశారా?

ఉప్పల్ అంటే గుర్తొచ్చింది. పని మీద అటు పోతే, మెట్రో కోసం తవ్విన గుంతల పక్కనుంచి చౌరస్తా దాటి తిరిగి నాచారం చేరడానికి నాకు ముప్పావుగంట పడుతుంది. ఆ పిల్లలు ఒక వంతెన ఎక్కి, ఇంకో వంతెన మీద నుంచి ఎగిరి, సరాసరి విలన్ డ్రాయింగ్ రూములో దిగుతారు. వాళ్లకు సిగ్నల్ లేదు, లారీ అడ్డం రాదు, పెట్రోలు బంకు దగ్గర చిల్లర గొడవ ఉండదు.

ఇందులో లాజిక్ లేదని మేధావులు మూతి ముడుస్తారు. లాజిక్ కావాలా? రోజూ సాయంత్రం న్యూస్ ఛానెల్ పెట్టుకుని, ప్రత్యేక రాష్ట్రం వస్తుందా రాదా అని నలుగురు అరుచుకుంటుంటే వినండి. మూడేళ్లుగా వింటున్నాను, ఏదీ తేలలేదు. అత్తాకోడళ్ల సీరియల్ చూస్తారా? అందులో పాలల్లో విషం కలిపింది ఉగాదికి, గ్లాసు పెదాల దాకా వచ్చేది దసరాకి. మా అందగత్తెలు గంటలో లోకాన్ని కాపాడి, షాంపూ ప్రకటనలకు కూడా టైం ఇస్తారు.

ఈ సీరియల్ సంగతి నాకు మొదట చెప్పింది ఎస్తేర్. మా షాపులో, అంటే ఫ్యాక్టరీలో, రేకులు కోసే మూడో నంబరు ప్రెస్సు మిషన్ ఆమెది. పీర్జాదిగూడలో తల్లి సువార్తమ్మతో ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే టీవీ ముందు కూర్చుంటుంది. సోమవారం భోజనాల వేళ కథంతా మాకు ఆడి చూపించేది. డబ్బా మూత స్టీరింగు, చెంచా పిస్తోలు, షాపు ఊడ్చే సాలమ్మ చేతిలోని చీపురు విలన్! నేను ఊరి చివర గోదాములో బందీగా ఉన్న మంత్రిని. సూపర్‌వైజర్ హోదాకు తగిన వేషం కదా అని ఒప్పుకున్నాను.

“గంత ఉరుకుతరు గదా, గా పోరిలకు చెమట రాదా బిడ్డా?” అని అడిగింది సాలమ్మ ఒకసారి.

“రాదు సాలమ్మత్తా. ఈడ రెండు ఫ్యాన్లన్న తిరిగితే మనకు గూడ రాదు” అంది ఎస్తేర్.

ఫ్యాన్ రెక్కలు చేసే షాపులో ఫ్యాన్లు లేవన్న సంగతి ఆ రోజు అందరికీ గుర్తొచ్చింది. నాకు పనుందని లేచి వెళ్లిపోయాను.

సరే, ఇవన్నీ చిన్న లాభాలు. అసలు లాభం ఇంకొకటుంది. ఎవరి తప్పైనా నోరెత్తకుండా తన నెత్తిన వేసుకునేది ఈ లోకంలో టీవీ ఒక్కటే! పిల్లాడు లెక్కల్లో తప్పాడా? టీవీ వల్లే. పంతులు ఏడాదిలో నాలుగు నెలలు బడికి రాని సంగతి ఎవరికీ గుర్తుండదు. వంకాయ కూర మాడిందా? టీవీ వల్లే. మొగుడు ఫోను చూస్తూ స్టవ్ ముందు నిలబడ్డాడని ఎవరంటారు? దేవుడు కూడా ఇంత ఓపిక పట్టడు.

మా ఫ్యాక్టరీకి ఆ మేలు ఎలా జరిగిందో చెబుతాను. ముందు మా మిషన్ సంగతి తెలియాలి. ప్రెస్సు మిషన్‌కు రెండు బటన్లుంటాయి, కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి. రెండూ ఒకేసారి నొక్కి ఉంచితేనే పైనున్న దిమ్మ దిగి రేకును కోస్తుంది. ఒక చెయ్యి తీస్తే ఆగిపోతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే దిమ్మ కింద ఉండవు కదా, అదీ దాన్ని తయారు చేసినవాడి ఆలోచన. పాపం, అతనికి ప్రొడక్షన్ గురించి ఏం తెలుసు?

మాకు తెలుసు. ఎడమ బటన్‌ను సైకిల్ ట్యూబు ముక్కతో నొక్కి కట్టేస్తే ఎడమ చేతికి ఖాళీ దొరుకుతుంది. కుడి చేత్తో బటన్ నొక్కుతూ ఎడమ చేత్తో రేకు జరపొచ్చు. గంటకు రెండు వందల రెక్కలు కాస్తా మూడు వందలవుతాయి. మల్లాపూర్‌లో ఈ విద్య మా ఒక్కరి సొత్తేమీ కాదు. తనిఖీకి పెద్దమనుషులు వచ్చిన రోజు ట్యూబులన్నీ విప్పి నా సొరుగులో పెడతాం. వాళ్లు చాయ్ తాగి వెళ్లగానే మళ్లీ కడతాం.

బుధవారం పొద్దున పదకొండింటికి ఎస్తేర్ ఎడమ చెయ్యి దిమ్మ కిందికి పోయింది. రెండు వేళ్లు పోయాయి. సాలమ్మ తన కొంగు చించి కట్టు కట్టింది. ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం. దారిలో ఎస్తేర్ ఏడవలేదు, “మిషన్ ఆపిన్రా సార్?” అని మాత్రం అడిగింది. ఆపలేదు. ఆ సంగతి చెప్పలేక, ఆపామన్నట్టు తల ఊపాను.

సాయంత్రం మా ఓనర్ పాండురంగ సేటు నన్ను పిలిచారు.

“ఉపేందర్, గా పిల్లకు టీవీ పిచ్చంట గదా?”

“ఆదివారం ఒక్క సీరియల్ చూస్తది సేట్.”

“రిపోర్టుల గదే రాయి. టీవీ సూసుడు, నిద్ర లేకపోవుడు, పనిల పరాకు. గట్ల రాస్తే ఎవ్వలికి ఫికరుండదు.”

రాశాను. ‘ప్రమాద కారణం: టీవీ సీరియల్ వ్యసనం వల్ల నిద్రలేమి, కార్మికురాలి అజాగ్రత్త’ అని నా గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు చూసిన సీరియల్ మత్తు బుధవారం పొద్దున పదకొండింటిదాకా ఎలా ఉందని అడుగుతారా? మంచి సీరియల్ మహిమ అలాంటిది! తనిఖీకి వచ్చిన పెద్దమనిషి అయితే ఏమీ అడగలేదు. “మా ఇంట్ల గూడ గదే సూస్తరయ్యా” అని బాధపడ్డారు. ఆయన కూర్చున్న కుర్చీకి జానెడు దూరంలో, నా సొరుగులో, ట్యూబులు పడుకుని ఉన్నాయి.

అజాగ్రత్త మనిషిని మిషన్ మీద ఉంచకూడదు కాబట్టి ఎస్తేర్‌ను పనిలోంచి తీసేశారు. ఇంకో ప్రెస్సు షాపుకు పోయి అడిగితే, వాళ్లు మా సేటుకు ఫోన్ చేసి కనుక్కుని, పొమ్మన్నారు. నాలుగేళ్లు ఒక్క రేకు పాడు చేయని పిల్లకు నా గుండ్రటి అక్షరాలు తెచ్చిన పేరు అది.

పోయిన ఆదివారం ఆపిల్ పండ్లు పట్టుకుని పీర్జాదిగూడ వెళ్లాను. సువార్తమ్మ కుర్చీ వేసింది. టీవీలో అందగత్తెలు వస్తున్నారు. ఎస్తేర్ కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. నేనూ చూశాను, ఎక్కడ చూడాలో తెలియక.

ఆ రోజు కథలో విలన్‌కు నేలమాళిగలో ఒక ఫ్యాక్టరీ ఉంది. పొడుగు పిల్లను పెద్ద ప్రెస్సు మిషన్ కింద కట్టేశాడు. నవ్వుతూ రెండు చేతులతో రెండు బటన్లు నొక్కాడు. దిమ్మ దిగుతోంది. అప్పుడు ఉంగరాల జుట్టు పిల్ల తన హీల్ చెప్పు తీసి వాడి మొహం మీదికి విసిరింది. చెప్పు తగలకుండా వాడు ఒక చెయ్యి అడ్డం పెట్టాడు. దిమ్మ పొడుగు పిల్ల ముక్కుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

ఎస్తేర్ నవ్వింది. ప్రమాదం తర్వాత ఆమె నవ్వడం నేను అదే మొదలు చూడడం. తర్వాత నా వైపు తిరిగింది.

“సూసిన్రా సార్? చెయ్యి తీసిండు, ఆగింది” అంది. “వాడు దొంగనే గని, బటన్‌కు ట్యూబ్ గట్టలే.”

“ఊకో బిడ్డా. సార్‌ను చాయ్ తాగనీ” అంది సువార్తమ్మ.

నాకు చచ్చేంత సిగ్గేసింది. మూడో నంబరు మిషన్‌కు ట్యూబు కట్టిన చేతులు నావే. నేను వేసిన ముడి ఎన్నటికీ ఊడదని సేటు నలుగురి ముందు మెచ్చుకుంటారు కూడా.

అందుచేత పాఠకులారా, మొదట చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ సీరియల్ బుద్ధిలేనిది కాదు, చాలా ప్రమాదకరమైనది. వెంటనే నిషేధించాలి! మా షాపులో ఇంకా పదకొండు మంది ఆడపిల్లలు దాన్ని చూస్తున్నారు. మిషన్‌కు రెండు బటన్లుంటాయని, చెయ్యి తీస్తే ఆగాలని వాళ్లకు కూడా తెలిసిపోతే మేం ఫ్యాన్ రెక్కలు ఎలా చేయాలి?

రేపు సోమవారం. మూడో నంబరు మీదికి కావ్య అని కొత్త పిల్ల వస్తోంది, వరంగల్ వైపు నుంచి. సేటు కొత్త ట్యూబు కోయించి నా టేబుల్ మీద పెట్టించారు. ఆ పిల్ల ఇంట్లో టీవీ ఉందో లేదో ముందే కనుక్కోవాలి.