ఆదికేశవులు పసుపు బనియను

ఆదివారం తెల్లవారగానే మద్రాసు నుంచి బెంగళూరుకు సైకిలు పందెం. పురసవాక్కం ఆదికేశవులుకు ఆ వారమంతా కాళ్ళు నేల మీద ఆనలేదు. రెండేళ్ళుగా పాల్గొంటున్నాడు గాని, రెండుసార్లూ రాణిపేట దగ్గరే చతికిలపడ్డాడు. ఒక్కసారైనా అందరికన్నా ముందు గమ్యం చేరాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. అడ్డల్లా తల్లి గోవిందమ్మే. పోయినసారి కొడుకుని ఎద్దులబండిలో ఇంటికి చేర్చినప్పటి నుంచి ఆవిడ అతని సైకిలు తాళంచెవిని కొంగున ముడేసుకుంది.

అందుకని సాధన అంతా చాటుగా, స్నేహితుడి సైకిలు మీద సాగింది. ఒళ్ళు బరువెక్కకూడదని మాంసం మానేశాడు. చీకటితోనే చన్నీళ్ళు పోసుకుని బయటపడేవాడు. గడ్డం గీసుకునే తీరికే లేకపోయింది. గురువారం నాడు సైకిలు క్లబ్బువాళ్ళు ఇచ్చిన పసుపు బనియను ఉతికి దండెం మీద ఆరేశాడు. మాంసం మానాడు, గడ్డం పెంచాడు, చన్నీళ్ళ స్నానం, పైన పసుపు గుడ్డ! గోవిందమ్మకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి.

"ఏమిరా ఆదీ, నాకాడ కూడా దాస్తావా? సైకిల్లో తిరుపతికి వస్తానని ఏడుకొండలవాడికి మొక్కుకొన్నావు గదా?"

కాదంటే తాళంచెవి కొంగులోనే ఉంటుంది.

"అవునుమా" అన్నాడు.

ముడి వీడింది. అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. కాని మొక్కు మీద తిరుపతి పోయేవాడి చేతికి తమ ముడుపు ఇవ్వని ఇల్లు ఆ వీధిలో లేదు. పక్కింటి మునియక్క అందరికన్నా ముందు తెచ్చింది. ఆ వెనకే బెల్లం, కొబ్బరికాయలు, ఎవరిదో ఇత్తడి దీపపు సెమ్మె. శనివారానికి సైకిలు వెనక గోనెసంచి నిండింది. బట్టలకొట్టు భక్తవత్సలం తన వ్యానులో గోవిందమ్మనూ వీధి ఆడవాళ్ళనూ తిరుపతి దాకా వెంట తీసుకొస్తానన్నాడు. ఎక్కణ్ణుంచి బయల్దేరతావని అడిగితే, ఆదికేశవులు పందెం మొదలయ్యే చోటే చెప్పాడు.

పందెం మొదలయ్యే చోటికి వీధి వీధంతా నాదస్వరంతో దిగింది. అక్కడ చూస్తే ముప్పైమంది పసుపు బనియన్లు!

"అందరూ మొక్కుబడోళ్ళే ఈడ!" అని మునియక్క మురిసిపోయి అందరి కాళ్ళ మీదా పసుపునీళ్ళు పోయించింది, నామాలు పెట్టించింది, దిష్టి తీసి చక్రాల ముందు పెద్ద బూడిదగుమ్మడికాయ పగలగొట్టించింది. ఈల మోగింది. ముందువాళ్ళంతా ఆ గుజ్జులో జారి ఒకరి మీదొకరు పడ్డారు. సంచి బరువుకు వెనకబడ్డ ఆదికేశవులు మాత్రం పక్కనుంచి మెల్లగా దాటుకుని, జన్మలో మొదటిసారి అందరికన్నా ముందున్నాడు. ఆ ఉత్సాహంలో సంచి బరువు కూడా మరిచిపోయాడు. పందేనికి ముందుండి దారి చూపాల్సిన జీపు డ్రైవరు, వీధివాళ్ళు పంచుతున్న పొంగలి ప్రసాదం దగ్గర దిగి అక్కడే ఉండిపోయాడు.

పూందమల్లి దగ్గర దారి చీలింది. ఎడమకు బెంగళూరు, కుడికి తిరుపతి. మనసు ఎడమకు లాగింది. వెనక వ్యానులోంచి తల్లి "గోవిందా" అని గొంతెత్తింది. తన నోటిని తానే తిట్టుకుంటూ ఆదికేశవులు హ్యాండిలు కుడికి తిప్పాడు. జీపు లేదు కనక వెనకవాళ్ళకు ముందున్నవాడే దారి. ముప్పైమందీ అతని వెంటే తిరిగారు.

సాయంత్రం అలిపిరిలో అందరికన్నా ముందు సైకిలు దిగినవాడు ఆదికేశవులే. తక్కినవాళ్ళు కొండను చూసి సంగతి గ్రహించి, అతన్ని తన్నడానికే వచ్చారు. గోవిందమ్మ పులిహోర పొట్లాలు విప్పింది. ఆకలి మీద ఉన్నవాళ్ళు తిన్నారు, తిన్నాక తన్నడానికి కోపం చాలక కొండెక్కారు, ఎక్కాక ఊరికే దిగడమెందుకని గుండ్లు కొట్టించుకున్నారు.

బెంగళూరులో గెలిచినవాడి కోసం పూలదండ పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి చీకటిపడేదాకా చూసి, దాన్ని ఇంట్లో దేవుడి పటానికి వేశాడట. ఆ పటమూ ఏడుకొండలవాడిదే.