పదమూడు వైరస్‌లుండగా నాకేం కొదవ!

ఈ లోకంలో నా బాగోగులు పట్టించుకునేది ఒక్కటే ఒక్కటి. నా ఫోన్‌లో వచ్చే వైరస్ హెచ్చరిక!

నవ్వకండి. పొద్దున లేవగానే "నీకేమైనా అయిందా?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? నన్ను నా ఫోన్ అడుగుతుంది. వాన పడుతుందేమో చూద్దామని వేలు పెట్టానో లేదో, కీచుమని అరిచి, గడగడా వణికి, తెరంతా ఎర్రబడి "మీ ఫోన్‌లో పదమూడు వైరస్‌లు ఉన్నాయి! వెంటనే శుభ్రం చేయండి!" అని మొత్తుకుంటుంది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా ఇంట్లో ఎవరూ అంత వణకలేదు.

పైగా ఆ కచ్చితత్వం చూడండి. పన్నెండు కాదు, పద్నాలుగు కాదు, పదమూడు! మా ఊరి నర్సమ్మ బీపీ చూసి "కొంచెం ఎక్కువుందిలే" అంటుంది. ఎంత ఎక్కువో ఈ రోజుకూ చెప్పలేదు.

నేను మార్కాపురంలో ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తాను. తర్లుపాడు పక్కన ఉన్న మా ఊరి నుంచి పొద్దున ఆటోలో వస్తాను, సాయంత్రం బస్సులో పోతాను. మా షాపుకు సగం మంది ఆధార్ జిరాక్స్ కోసం వస్తారు. మిగతా సగం ఫోన్ చూపించుకోవడానికి వస్తారు. జ్వరమొచ్చిన పిల్లను తెచ్చినట్టు రెండు చేతులా పట్టుకొచ్చి బల్ల మీద పడుకోబెడతారు.

"నిన్నటి నుంచి ఒళ్ళు కాలతా ఉందమ్మా."

"ఏం తెరిచారు?"

"నేనేం తెరవలేదు. అదే తెరుచుకునింది."

కురిచేడు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఒకే ఛార్జరు వాడితే ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు వైరస్ అంటుకుంటుందని ఎవరో చెప్పారట. ఇంట్లో మనిషికొక ఛార్జరు కొన్నాడు. ఛార్జరు కోసం ఆ ఇంట్లో మూడేళ్ళుగా జరుగుతున్న యుద్ధం ఆ రోజుతో ఆగిపోయింది. ఇది వైరస్ చలవ కాదా?

మా షాపు యజమాని సీతారామాంజనేయులు గారు ఇంకా ముందున్నారు. ఆయన ఫోన్‌లో వైరస్‌లను పట్టే యాప్‌లు మూడున్నాయి. మొదటిది రెండోదాన్ని వైరస్ అంటుంది. రెండోది మూడోదాన్ని అంటుంది. మూడోది మిగతా రెండింటినీ తీసేయమంటుంది. ఆయన ఎవరి మాటా కాదనరు. ముగ్గురు కోడళ్ళున్న మామలాగా అందరికీ "సరే" కొడతారు.

ఇక ఫోన్ చేయగానే మొదలయ్యే ఆ జాగ్రత్తల పాఠం! దాని మేలు ఎంతని చెప్పను? మా వీధిలో గురమ్మత్త కోడలిని తిట్టడానికి నంబరు నొక్కుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, కొత్తవాళ్ళను నమ్మొద్దు, భయపడొద్దు అని అవతలి నుంచి సుద్దులు మొదలవుతాయి. అవి అయిపోయేసరికి ఆమె తిట్టు మర్చిపోతుంది. "అన్నం తిన్నారా?" అని అడిగి పెట్టేస్తుంది. ఎన్ని కాపురాలు నిలబడ్డాయో లెక్క తీసేవాళ్ళు లేరు గానీ!

ఈ భాగ్యానికి నోచుకోని మనిషి మా ఇంట్లో ఒకరున్నారు. మా అమ్మ దయామణి. రెండు కళ్ళకూ పొరలొచ్చాయి. ఎర్ర హెచ్చరికైనా పచ్చ హెచ్చరికైనా ఆమెకు మంచు పట్టినట్టే. పోయిన పంట కారులో మిరప తోటలో కలుపు తీయబోయి వరుసగా ఆరు మిరప మొక్కలు పీకింది. "కళ్ళు బాగుచేయించుకొని రా దయామణీ, అందాక రావద్దులే" అన్నది కూలీలను తీసుకుపోయే మేస్త్రమ్మ. అమ్మ ఇంటికొచ్చి ఆ ఆరు మొక్కలనూ దొడ్లో నాటింది. రెండు బతికాయి.

తర్వాత మా ఊరి బడిలో కంటి క్యాంపు పెట్టారు. డాక్టరు టార్చి వేసి చూసి, ఆపరేషన్ ఉచితమని చెప్పి, మా ఇంటి ఫోన్ నంబరు రాసుకున్నారు. "మేమే ఫోన్ చేసి పిలుస్తాం" అన్నారు. అప్పటి నుంచి అమ్మ ఆ ఫోన్‌ను కొంగులో కట్టుకొని తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే మా చర్చిలో యోబు మామ సాక్ష్యం చెప్పాడు.

ఆదివారం ఆరాధనలో దేవుడు చేసిన మేలును లేచి నిలబడి చెప్పుకోవడం మా దగ్గర ఆచారం. ఇదివరకు జ్వరం తగ్గిందనీ, పాము కాలు మీదుగా పోయినా కరవలేదనీ చెప్పేవాళ్ళు. యోబు మామ లేచి, గొంతు సవరించుకొని, "నా ఫోన్‌ను ముప్పై తొమ్మిది వైరస్‌ల నుంచి ప్రభువు విడిపించినాడు" అన్నాడు. "స్తోత్రం!" అన్నది సంఘమంతా. పదమూడుతో సరిపెట్టుకుంటున్న నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఊపులో మా పాస్టరు పాల్ రాజు అయ్యగారు ఒక కట్టడి చేశారు. "కొత్త నంబరు వచ్చి, కింద ఎర్రక్షరాల్లో మోసం కావచ్చు అని పడితే మాట్లాడొద్దు. స్పీకర్ పెట్టి పాట ఎత్తుకోండి. దొంగైతే పెట్టేస్తాడు. మనిషైతే మారుమనసు పొందుతాడు. ఏదైనా మనకు లాభమే!"

మా ఊళ్ళో పాటకు కరువా? ఒకింట్లో ఎత్తుకుంటే పక్కింట్లో అందుకుంటారు. ఎదురింట్లో కంజీర కూడా ఉంది. లోన్ ఇస్తామన్నవాడు పల్లవిలోనే పారిపోయాడు. లాటరీ తగిలిందన్నవాడు మొదటి చరణం దాకా తట్టుకున్నాడు. ఒక్క నంబరు మాత్రం మా ఇంటికే మూడుసార్లు చేసి, మూడుసార్లూ చివరి చరణం దాకా విన్నది. వీడెవడో గట్టి దొంగ అనుకొని మేము ఇంకా గట్టిగా పాడాం.

ఒక శనివారం షాపుకు సెలవు. మధ్యాహ్నం నేను దొడ్లో బట్టలు పిండుతున్నాను. మా నాయన శాంతయ్య పలకల ఫ్యాక్టరీకి పోయి ఉన్నాడు. ఇంట్లో ఫోన్ మోగింది. పాట ఎత్తుకుందామని తడి చేతులతో పరుగెత్తాను. అప్పటికే అమ్మ ఎత్తేసింది. ఎర్రక్షరాలు కనపడితే కదా!

"అలో, ఎవరూ?"

"అమ్మా, మీకు దండం పెడతా, పాట పాడొద్దు! ఒక్క నిమిషం వినండి!" అన్నది అవతల ఒక ఆడపిల్ల.

"నేను పాడనులే తల్లీ, నాకు దగ్గు. చెప్పు."

"నా పేరు వర్షిణి. కంటి ఆసుపత్రి నుంచి. ఇంతకుముందు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ పాడారు. నాకిప్పుడు ఆ పాటంతా వచ్చేసింది."

"బాగుందా?"

"బాగుంది గానీ, మీ పేరు కొట్టేయమంటున్నారమ్మా. ఇదే ఆఖరుసారి చేస్తున్నా. సోమవారం ఆరింటికి వ్యాన్ పంపిస్తాం. వస్తారా?"

"ఎందుకు రాను తల్లీ? ఆరు నెలల నుంచి కూర్చోనుండా."

ఆ సాయంత్రం మా ఇంట్లో సభ జరిగింది.

"ఎవరి వ్యానో ఏందో! ఎర్రక్షరాల నంబరు అది. మనిషిని ఎత్తుకపోతే?" అన్నాడు యోబు మామ.

"నన్ను ఎత్తుకపోయి ఏం చేసుకుంటారన్నా? నా కాడుండేది ఈ పొర ఒక్కటే. ఎత్తుకపోతే పోనీ" అన్నది అమ్మ.

సోమవారం వ్యాన్ వచ్చినప్పుడు నాయన దాని నంబరును పలక మీద బలపంతో రాసి, గూట్లో పెట్టుకున్నాడు. అమ్మ తిరిగొచ్చేదాకా ఆ పలకను ఎవరినీ ముట్టనివ్వలేదు.

దొంగలు మాట నిలబెట్టుకున్నారు. పొరను ఎత్తుకుపోయి అమ్మను తెచ్చి దించారు. ముందు ఒక కన్ను, నెల తర్వాత రెండోది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని అమ్మ ఇల్లంతా కొత్తగా చూసింది. "నీ గడ్డం మీద ఈ మచ్చ ఎప్పటిదే?" అన్నది నాతో. దొడ్లో ఆ రెండు మిరప మొక్కల ముందు చాలాసేపు కూర్చున్నది. తర్వాత ఫోన్ మోగింది.

"ఏందే ఈ ఎర్రక్షరాలు?"

నేను ఓపిగ్గా అంతా నేర్పించాను.

"అమ్మో! ఇన్నాళ్ళూ ఇవి కనపడక అందరితోనూ మాట్లాడేసినానా!" అని గుండె మీద చెయ్యి వేసుకున్నది.

ఇంతకంటే ఏం కావాలి? మా ఇల్లు పూర్తిగా సురక్షితం అయిపోయింది.

పోయిన వారం సీతారామాంజనేయులు గారికి ఒక ఫోన్ వచ్చింది. ఎర్రక్షరాలు లేవు. బ్యాంకు పేరు, పక్కన ముచ్చటగా ఒక టిక్కు. అవతలివాడు "సార్, సార్" అన్నాడు, ఈయన "చెప్పు బాబూ" అన్నారు. ఇరవై నిమిషాలు చక్కగా మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేసరికి ఖాతా ఊడ్చినట్టుంది. ఆయన స్టూలు మీద కూలబడి మూడు యాప్‌లూ తెరిచారు. "మీ ఫోన్ సురక్షితం!" అన్నాయి మూడూ. మొట్టమొదటిసారి మూడూ ఒక్కమాట మీదకొచ్చాయి!

నా ఫోన్ నుంచి ఫిర్యాదు నంబరుకు చేశాం. మోసపోవద్దని అది ముందు మమ్మల్నే హెచ్చరించింది. లైన్‌లో ఉండమన్నది. ఉన్నాం. మళ్ళీ హెచ్చరించింది. నాకు అప్పుడొక చిన్న అనుమానం వచ్చింది. పొద్దున లేచింది మొదలు ఇన్ని జాగ్రత్తలు మాకు చెబుతున్నారు కదా, ఆ దొంగకు ఒక్కటైనా చెప్పినవాళ్ళున్నారా? నన్ను చూసి నా ఫోన్ వణుకుతుంది. వాణ్ణి చూసి టిక్కు పెడుతుంది.

అనుమానం తీరకముందే నా ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. బస్టాండుకు పోయేసరికి మా బస్సూ పోయింది. అక్కడ సీతాఫలాలు అమ్మే పిచ్చమ్మవ్వను ఫోన్ అడిగి ఇంటికి చేశాను. పండ్ల కోసం రోజూ నలభై మందికి చేస్తుంది కాబట్టి ఆమె నంబరుకు ఎర్రక్షరాలు పడతాయని నాకేం తెలుసు?

"అమ్మా, నేనే. బస్సు పోయింది. నాయనను తర్లుపాడు దాకా..."

అవతల ఊపిరి పీల్చిన శబ్దం. తర్వాత పాట!

"అమ్మా, నేనమ్మా!" అన్నాను. రెండో చరణం అందుకున్నది. వెనక కంజీర మొదలైంది.

"మీ అమ్మేనా పాపా? గొంతు బాగుండాదే" అన్నది పిచ్చమ్మవ్వ, పండ్ల మీద ఈగలు తోలుతూ.

రెండు ఆటోలు మారి, మిగతాది నడిచి ఇల్లు చేరాను. అమ్మ గడపలోనే ఉంది. నల్ల కళ్ళద్దాల కింద ముఖం వెలిగిపోతోంది.

"ఎవతో దొంగది ఫోన్ చేసిందే! అచ్చం నీ గొంతే! బస్సు పోయింది, నాయనను పంపమంటది. నాయనను పంపిస్తే ఇల్లు దోచుకపోదామని! నేను పడతానా? మూడు చరణాలూ పాడినా. తోక ముడిచింది!"

"గొంతులు కూడా కంప్యూటర్‌లో చేస్తన్నారంట ఇప్పుడు" అన్నాడు నాయన, మెచ్చుకోలుగా. గూట్లోంచి పలక తీసి చూపించాడు. పిచ్చమ్మవ్వ నంబరు దాని మీద రాసి ఉంది.

నేను కాళ్ళు కడుక్కున్నాను.

ఆదివారం అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. కళ్ళు వచ్చిన సంగతి, ఎర్రక్షరాలు కనపడిన సంగతి, దొంగను పాటతో తరిమిన సంగతి. "స్తోత్రం!" అన్నది సంఘమంతా.

మూడో వరుసలో కూర్చున్న దొంగ కూడా, కాళ్ళ నొప్పులు ఇంకా తగ్గకపోయినా, అందరికంటే గట్టిగా అన్నది.