జనానాలో మండల ముద్ర

మండల పరిపాలనను ఇకమీదట మొగలు చక్రవర్తుల పద్ధతిలో నిర్వహించబోతున్నట్టు మా మండలాధ్యక్షురాలి భర్త శ్రీ వైకుంఠరావు గారు రెండువేల ఏడు ఫిబ్రవరిలో కాశీబుగ్గలో విలేకరులను పిలిచి ప్రకటించారు. స్వతంత్ర భారతంలో ఈ ఘనత సాధించిన మొదటి మండలం మాదేనన్నారు. విలేకరులు ఉప్మాలో జీడిపప్పులు ఏరుకు తిన్నంతసేపు తిని, ఇంతకీ అధ్యక్షురాలు గారు ఎక్కడని అడిగారు. మొగలాయి సిస్టంలో రాణీలు ప్రెస్‌మీట్లకు రారని, అంతా రీసెర్చ్ చేసే మాట్లాడుతున్నామని చెప్పి ఆయన నా వైపు చెయ్యి చూపించారు.

ఆ రీసెర్చ్ నేనే. పేరు షాలేమ్ రాజు. కాశీబుగ్గలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఎంపీసీ క్లాసులో కూర్చోడానికి బెంచీలు చాలవు. నా క్లాసులో నలుగురుంటారు, వాళ్లలో ఇద్దరు ఫ్యాను కోసం వస్తారు. అలాంటి నా దగ్గరికి ఒక నాయకుడు వచ్చి చరిత్ర చెప్పమని అడిగితే కరిగిపోయాను. తప్పంతా నాదే అని మా చర్చిలో ఇప్పటికీ కొందరంటారు. కాదనను.

వచ్చిన చిక్కు ఏమిటంటే, మా మండలాధ్యక్ష పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. వైకుంఠరావు గారు తన భార్య కామాక్షి గారిని నిలబెట్టి, గెలిపించి, ఆమెకు శ్రమ లేకుండా చూసుకుంటున్నారు. ఆమె కుర్చీలో ఆయనే కూర్చునేవారు. ఆమె గుండ్రం ముద్ర ఆయన చొక్కా జేబులోనే ఉండేది. అందువల్ల జేబు దగ్గర ఎప్పుడూ ఊదా మరక ఉండేది, ఆ మరకను చూసే జనం నమస్కారం పెట్టేవారు. ప్రమాణం నాటి రిజిస్టరు మొదలుకొని ఆమె సంతకం కూడా ఆయనే పెట్టారు. దాన్ని దొంగసంతకమని మేమెవరం అనుకోలేదు. భార్య చేతిలో బరువుంటే మొగుడు అందుకోడా, అదే అనుకున్నాం.

ఇంతలో పైనుంచి సర్క్యులర్ వచ్చింది. మహిళా ప్రతినిధుల భర్తలు ఆఫీసు గుమ్మం తొక్కకూడదు, ముద్ర ముట్టకూడదు. ఆ రోజే ఆయన స్టాఫ్‌రూముకి వచ్చి, చరిత్రలో దీనికేమైనా దారి ఉందా అని అడిగారు.

ఉందని చెప్పాను. మొగలు చక్రవర్తులకూ ఇదే బెంగ. రాజముద్ర ఏ మంత్రి చేతికిచ్చినా వాడేం చేస్తాడోనని భయం. అందుకని దాన్ని అంతఃపురంలో, అంటే జనానాలో, ఒక బేగం చేతిలో పెట్టేవారు. షాజహాను ముద్ర ముంతాజు దగ్గర ఉండేది, ఆమె పోయాక కూతురు జహానారా చేతికి వచ్చింది. దర్బారులో ఎంత ఆర్భాటం జరిగినా ఫర్మానా లోపలికి వెళ్లి, ముద్ర వేయించుకుని రావలసిందే.

"అద్గదీ మాట" అని ఆయన లేచి నా చేతులు పట్టుకున్నారు.

పాఠంలో ఇంకో సగం ఉంది. ముద్ర చేతికొచ్చిన ఆ ఆడవాళ్లు ఊరుకోలేదని, సొంతంగా ఆజ్ఞలు రాశారని, ఓడలు నడిపారని, ఒక్కొక్క రాష్ట్రానికి సుబేదారు ఎవరన్నది జనానాలోనే నిర్ణయమయ్యేదని చెప్పబోయాను. అప్పటికే ఆయన జీపు స్టార్టయింది. మా పిల్లలూ సగం పాఠానికే లేచిపోతారు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు.

పలాస నుంచి ఎర్ర తెర వచ్చింది. ఉద్దానంలో కొబ్బరితోట మధ్య ఉన్న వాళ్ల ఇంట్లో నడవకీ లోపలి గదులకీ నడుమ దాన్ని కట్టి, పైన 'జనానా, అనుమతి లేనిదే రాకూడదు' అని బోర్డు పెట్టారు. నడవలో నాకో ప్లాస్టిక్ కుర్చీ, సలహాదారు పదవి. కాగితం స్టీలు పళ్లెంలో లోపలికి వెళ్లేది. లోపల సంతకం వైకుంఠరావు గారు చేసేవారు, ముద్ర కామాక్షి గారు వేసేవారు. ఎంపీడీవో గారు సర్క్యులర్‌ని రెండుసార్లు చదివి, తెరవెనక ఏం జరిగేదీ అందులో లేదని తేల్చి, సంతృప్తి పడ్డారు.

కామాక్షి గారు ముద్రను పోపులపెట్టెలో పెట్టారు. మొదటి వారం మండలం ఉత్తర్వులన్నీ మెంతుల వాసన వేశాయి. రెండోవారం ఆమె అత్తగారు జగదాంబ గారు రంగంలోకి దిగారు. డెబ్బై ఏళ్ల మనిషి, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ వేస్తారు, నలభై ఏళ్లుగా ఆ ఇంటి తాళాలు ఆవిడ రొంటినే ఉన్నాయి. తాళాలు ఒకచోట, ముద్ర ఇంకోచోట ఉండడం ఇంటికి అరిష్టమని చెప్పి ముద్రను కూడా రొంటిని దోపుకున్నారు. చిన్న కోడలు యామిని గారు బీకాం. ఆవిడ చట్టప్రకారం మాట్లాడి, ఇంకు ప్యాడు టెక్కలిలో తాను కొన్నది కనుక దాన్ని తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఈ విధంగా ముద్ర అత్తగారిది, ఇంకు తోటికోడలిది అయింది. అధ్యక్షురాలికి అధ్యక్ష పదవి మిగిలింది.

ఇలాంటివి ఆగ్రాలోనూ జరిగాయని వైకుంఠరావు గారికి ధైర్యం చెప్పాను. జనం త్వరగానే అలవాటు పడ్డారు. పని కావలసినవాళ్లు జగదాంబ గారికి మంచి చుట్టలు తెచ్చేవారు. యామిని గారి సీరియల్ వేళకు తెర దగ్గర దగ్గు కూడా దగ్గేవారు కాదు. ఆవిడ ఒకరోజు సీరియల్ చూసి ఏడుస్తూ ఉండగా ఒక కాంట్రాక్టరు కల్వర్టు కాగితం పెట్టి లోపలికి పళ్లెం పంపించాడు. హీరోయిన్ మొగుడు ఆ రోజే ఇల్లు విడిచిపోయాడు. ఆ కల్వర్టు ఇప్పటికీ కట్టలేదు.

అప్పుడు ట్యాంకు వచ్చింది. మా మండలానికి ఒకే ఒక్క మంచినీళ్ల ట్యాంకు మంజూరయింది. ఎక్కడ కట్టాలో అధ్యక్షురాలు సంతకం చేసి, ముద్ర వేసి, మార్చి ముప్పై ఒకటిలోగా శ్రీకాకుళం పంపాలి. లేకపోతే ట్యాంకు వెనక్కి పోతుంది.

వైకుంఠరావు గారు హైవే పక్కన జీడితోట కొట్టించి ప్లాట్లు వేశారు. అక్కడ ప్రస్తుతానికి మేకలు ఉంటున్నాయి. ట్యాంకు అక్కడైతే ప్రజలు తర్వాత వస్తారని ఆయన విజన్. జగదాంబ గారు తన కన్నవారి ఊరికి కావాలన్నారు. ఆ ఊరు పక్కనున్న నందిగాం మండలంలో ఉందని నేను గుర్తుచేస్తే, ముద్ర తన రొంటిని ఉండగా ఊరు ఎక్కడుంటే ఏమిటని అడిగారు. యామిని గారు పెరట్లో కట్టమన్నారు, వాషింగ్ మెషీన్‌కి ప్రెషర్ సరిపోవడం లేదు.

ఇక బొడ్డమ్మ. తీరం నుంచి రోజూ చేపలగంప నెత్తిన పెట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తుంది. పెరటి గుమ్మం గుండా నేరుగా జనానాలోకి వెళ్లగలిగే పౌరురాలు మండలం మొత్తానికి ఆవిడ ఒక్కతే. చేపలు అమ్ముడుపోయాక గంపలో బిందె పెట్టి కామాక్షి గారి దగ్గర నీళ్లు నింపుకుని వెళుతుంది. తుపాను తరువాత వాళ్ల పేటలో నుయ్యి ఉప్పుదేలిపోయింది. పెద్దకొడుకు కిడ్నీ జబ్బుతో విశాఖ ఆస్పత్రికి తిరుగుతున్నాడు. ఉద్దానంలో ఇది వింత కాదు కాబట్టి ఎవరూ వార్త రాయరు.

చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లినప్పుడు ఆవిడ మాట నా చెవిన పడింది.

"ముద్ర నీ ఇంట్లోనే ఉన్నాదంట కదమ్మా. మా పేటకో గుద్దు గుద్దీయమ్మా. పెద్దోడిని మంచినీళ్లు తాగమన్నాడు డాట్రు. ఓ బిందెడు నీళ్లు ఇంటిల్లిపాదికీ ఎలా సరిపోతాయమ్మా?"

కామాక్షి గారు బిందె నింపి, గంప నెత్తికెత్తారు. బొడ్డమ్మ కొబ్బరిచెట్ల వెనక కనపడకుండా పోయేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు.

ఆ వారమంతా కామాక్షి గారు ఇంట్లో తక్కువ మాట్లాడి ఎక్కువ పని చేశారు. అత్తగారికి చుట్ట అందిస్తూ, ట్యాంకు పెరట్లోకి వచ్చేటట్టుందని, యామిని ఆయన్ని ఒప్పించేసిందని ఒక నిట్టూర్పు విడిచారు. యామిని గారి తలకు నూనె పెడుతూ, ట్యాంకు అత్తగారి పుట్టింటికి పోయేటట్టుందని ఇంకో నిట్టూర్పు విడిచారు. వాళ్లిద్దరికీ నెలరోజులుగా మాటల్లేవు కనుక నిట్టూర్పులు ఒకదానికొకటి తగల్లేదు. మార్చి ఇరవయ్యో తారీఖుకి ఇద్దరూ విడివిడిగా ఒకే నిర్ణయానికి వచ్చారు. ట్యాంకు రెండోవాళ్లకి దక్కడంకన్నా ఎవరికీ ఏమీ కానివాళ్లకి పోవడం మేలు. మా మండలంలో అందరికీ ఎవరో ఒకరున్నారు. ఎవరూ లేనిది బొడ్డమ్మ పేటకే.

బీరువా తెరుచుకుంది, రొంటి సడలింది, ముద్ర పడింది. తర్వాత పళ్లెం సంతకానికి నడవలో ఉన్న వైకుంఠరావు గారి ముందుకు వచ్చింది. ఆయన కాగితం చదివి, పెన్ను మూత పెట్టి జేబులో వేసుకున్నారు.

"సంతకం లేని ముద్ర ఎందుకైనా పనికొస్తాదేటి?" అన్నారు.

కామాక్షి గారు తెర పక్కకు జరిపి నడవలోకి వచ్చారు. అదే మొదటిసారి. నా చేతిలో పెన్ను తీసుకుని, కాగితం గోడకి ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నట్టు తన పేరు రాశారు. పదో తరగతి తర్వాత ఆవిడ పేరు ఆవిడ రాసుకోవడం బహుశా అదే. చరిత్ర మాస్టారిని కదా, గడియారం చూసి టైము గుర్తుపెట్టుకున్నాను. వైకుంఠరావు గారు మాత్రం ఆ రోజు అన్నం తినలేదు.

నాలుగు రోజుల్లో కాగితం జిల్లా ఆఫీసునుంచి వెనక్కి వచ్చింది. అధ్యక్షురాలి సంతకం రికార్డులో ఉన్న సంతకంతో ఏమాత్రం సరిపోవడం లేదని, కామాక్షి గారి సంతకాన్ని ఎవరో ఫోర్జరీ చేశారని, సదరు కామాక్షి గారు ఇరవై తొమ్మిదో తేదీన స్వయంగా హాజరై సంతకం చేసి చూపించాలని, ఫోర్జరీ చేసిన వ్యక్తి మీద క్రిమినల్ కేసు పెడతామని అందులో ఉంది.

వైకుంఠరావు గారు దాన్ని పైకి చదివి, బల్ల మీద చెయ్యి చరిచి నవ్వారు. నవ్వు అయ్యేదాకా ఆగి, సలహాదారుగా నా విధి నేను నిర్వర్తించాను. ఆవిడ అక్కడికి వెళ్లి అదే సంతకం మళ్లీ చేస్తే, అది అసలుదని తేలుతుంది. అప్పుడు ఎనిమిది నెలలుగా రికార్డులో ఉన్నవి ఎవరివని అడుగుతారు.

ఆయన తెరవైపు తిరిగారు. తర్వాత తగ్గిన గొంతుతో, లోపల ఒకసారి మాట్లాడాలి, అడిగి పెట్టండి మాస్టారూ అన్నారు. సొంత పడకగదికి అర్జీ పెట్టుకున్న నాయకుణ్ణి నేను పుస్తకాల్లో కూడా చదవలేదు. ఆయన వినయం చూసి ముచ్చటేసింది. లోపలినుంచి కబురు రాలేదు, కామాక్షి గారే తెర దగ్గరికి వచ్చారు.

"మీ సంతకం నాకు నేర్పండి, నేర్సుకుంటాను. ట్యాంకు మాత్రం బొడ్డమ్మ పేటకే ఎల్లాల. దానికి ఒప్పుకుంటేనే పలక ముట్టుకుంటాను."

ఆయన జీడితోటను తలుచుకున్నారు. తర్వాత సెంట్రల్ జైలును తలుచుకున్నారు. ఒప్పుకున్నారు.

శిక్షణ మూడు రోజులు నడిచింది. వైకుంఠరావు గారిలో అంత ఓపికగల గురువు ఉన్నాడని మాకెవరికీ తెలియదు. నాలుగు గీతల కాపీ పుస్తకం తెప్పించి, మొదటి వరసలో తాను పెట్టి, కింద ఆవిడతో పెట్టించారు. సంతకం చివర కొబ్బరి పీచులా ఒక తోక తిరిగేది. ఆవిడకు అది కుదరలేదు. తిప్పినప్పుడల్లా ఆవిడ సొంత దస్తూరీ అడ్డొచ్చేది.

"తోక ఇంకా కిందికి లాగు. నీ సంతకం నువ్వే ఎయ్యలేకపోతే ఎలాగ?" అని ఆయన విసుక్కున్నారు.

జగదాంబ గారు చుట్ట తీసి, నిమిషంలో పెట్టే సంతకానికి మూడు రోజులెందుకని అడిగారు. బొడ్డమ్మ రోజూ గంప దించి, పుస్తకంలోకి తొంగిచూసి, కుదిరిందా అమ్మా అని అడిగేది. ఆఖరిరోజు సాయంకాలం ఒక్క వరసలో అయిదు తోకలు తప్పు లేకుండా వచ్చాయి. వైకుంఠరావు గారు ఏది తనదో ఏది ఆవిడదో గుర్తుపట్టలేకపోయారు. కళ్లు తుడుచుకున్నారు.

ఇరవై తొమ్మిదిన జిల్లా ఆఫీసుకి వెళ్లాం. భర్తలకు ప్రవేశం లేదు కనుక ఆయన గేటు బయట టీకొట్టులో ఉండిపోయారు, నేను లోపలికి వెళ్లాను. ఆఫీసరు గారు తెల్లకాగితం ఇచ్చారు. కామాక్షి గారు మూడుసార్లు సంతకం చేశారు. ఆయన రికార్డు పక్కన పెట్టుకుని, భూతద్దంతో తోకలు మూడూ చూసి, తల పంకించారు. ఆవిడ నడవలో నిలబడి రాసిన పాత కాగితం మీద ఎర్రసిరాతో 'నకిలీ, గుర్తు తెలియని వ్యక్తి' అని రాసి ఫైల్లో కట్టారు. బొడ్డమ్మ పేట పేరుతో ముద్ర వేసి తెచ్చిన కొత్త కాగితం తీసుకుని, అక్కడికక్కడే మంజూరు చేశారు.

తర్వాత కళ్లద్దాలు తీసి, తండ్రిలాగా మాట్లాడారు.

"చూడమ్మా, నీ పేరుతో ఇంకెవరో సంతకం పెట్టేస్తున్నారు. నువ్వు కనిపెట్టుకోకపోతే ఎలా? ఇకనైనా నీ సంతకం నువ్వే పెట్టు."

"అలాగేనండి" అన్నారు కామాక్షి గారు.

ఈ సలహా తనకు అందినట్టు రిజిస్టర్లో సంతకం చెయ్యమని ఆయన పుస్తకం తిప్పి ముందు పెట్టారు. ఆవిడ చేశారు. తోక చక్కగా వచ్చింది.